గృహనిర్వహణము: పాటపెట్టెయు పసిబిడ్డయు



పాట వినబడని ఇల్లు మన తెలుగుదేశమున అరుదు. మన ముత్తవ్వల కాలమున గ్రామఫోను కలవారు ఊరి కొకరో యిద్దరో యుండెడివారు. 1938వ సంవత్సరము జూను 16వ తేదీన మదరాసునందును, 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడయందును రేడియో కేంద్రములు వెలసిన పిదప రేడియోపెట్టె మెల్లమెల్లగా మధ్యతరగతి యిండ్లలోనికి వచ్చినది. దాని వెనుక క్యాసెట్టు వచ్చినది, క్యాసెట్టు వెనుక సీడీ వచ్చినది. నేడు చేతిలోని ఫోనుతోనే వేలకొలది పాటలు వినవచ్చును. అయినను మంచి స్పీకర్లపై వినిన సుఖము వేఱు గనుక, గృహస్థులు పలువురు హెచ్చు వ్యయమున కోర్చి ఆంప్లిఫయరును, నడుమెత్తు స్పీకర్లను కొని హాలులో నిలుపుకొనుచున్నారు.

ఇందొక భేదము కలదు. నాటి రేడియో గోడకు కొట్టిన బల్లమీదనో, ఎత్తైన గూటిలోనో ఉండెడిది. పెద్దలు తిప్పినప్పుడు పాడెడిది, కట్టినప్పుడు ఊరకుండెడిది. నేటి స్పీకర్లు నేలమీదనే నిలిచియున్నవి. వాని గుండ్రని మెఱయు ముఖములు తప్పటడుగులు వేయు బిడ్డ కన్నుల కెదురుగా వచ్చినవి. బల్లమీది పెట్టె నేలకు దిగినది. నేలమీది బిడ్డ లేచి నిలిచినది. చిక్కంతయు ఇక్కడనే పుట్టినది.

ఈ నెల మాకు వచ్చిన జాబులలో ఒక సోదరి తన గోడు వెళ్ళబోసికొన్నది. ఆమె భర్త మూడేండ్లు కూడబెట్టి స్పీకర్లు కొనెనట. పదునాలుగు నెలల కుమారుడు వానిలో ఒకదాని నడిమి బుడిపెను వ్రేలితో లోపలికి నొక్కివేసెనట. తండ్రి బిడ్డను కొట్టెను. అత్తగారు, "బిడ్డను కనిపెట్టుకొనలేని తల్లి యేమి తల్లి?" యనెను. ఆ రాత్రి ఆ యింట ఎవరును భోజనము చేయలేదు. "పెట్టెను కాపాడుకొనవలయునా, బిడ్డను కాపాడుకొనవలయునా? రెండును ఒక చోట ఉండు దారి లేదా?" యని ఆమె ప్రశ్న.

దారి కలదు. మొదట బిడ్డకు కీడు రాకుండ ఏర్పాటు చేసికొనవలయును. ఆ యేర్పాటులే చాలవఱకు పెట్టెను గూడ కాపాడును. పెట్టెను మాత్రమే తలంచి చేసిన యేర్పాటు బిడ్డను కాపాడదు. ఈ క్రమమును మఱువకున్నచో తక్కినదంతయు సులభము.

బిడ్డ యేల ముట్టును?

బిడ్డ ఎనిమిది పది నెలలకు దేనినైనను పట్టుకొని లేచి నిలుచును. ఏడాది యగుసరికి అడుగులు వేయును. అప్పుడు దానికి కన్నులకన్న వ్రేళ్ళును నోరును గొప్ప గురువులు. ముట్టక, కొఱుకక, లాగక అది దేనిని నేర్చుకొనలేదు. పాటపెట్టె యన్ననో తాకినంతనే దీపము వెలిగించును, మర త్రిప్పినంతనే గర్జించును, అమ్మను నాన్నను పరుగెత్తించుకొని వచ్చును. ఇంతకన్న మంచి ఆటవస్తువు మూడు లోకములలో దానికి దొఱకునా?

"వలదు" అను మాట ఆ వయసు బిడ్డకు అర్థమగును. కాని ఆ మాటను మనసున నిలుపుకొని చేతిని వెనుకకు తీసికొను శక్తి ఇంకను ఏర్పడలేదు. మూడేండ్లు దాటిన తరువాతనే అది కొంచెము కొంచెముగా వచ్చును. కావున రెండేండ్ల బిడ్డను కొట్టిన యెడల అది పెట్టె జోలికి పోరాదని నేర్చుకొనదు. నాన్న చూచుచుండగా పోరాదని నేర్చుకొనును. ఎవరును చూడనప్పుడు పోవుటయే మిక్కిలి అపాయకరము. దెబ్బకన్న ఒక అడ్డుతడిక మేలు.

బరువును గూర్చి

అపాయములలో మొదటిది స్పీకరు బిడ్డమీద పడుట. పొడవైన స్పీకరు ఇరువది కిలోలుగాని, అంతకు మించిగాని తూగును. వెడల్పు తక్కువ, ఎత్తెక్కువ గనుక పైయంచు పట్టుకొని లేవబోవు బిడ్డమీదికి అది ఒఱగును. స్టాండుమీద నిలిపిన చిన్న స్పీకరు ఇంకను అపాయకరము. దాని బరువంతయు పైననే యుండును. టీవీయు అట్టిదే. ఈ విధమైన మరణములు జరుగుచుండుటచేత అమెరికాలో వినియోగవస్తు రక్షణసంఘమువారు 2015వ సంవత్సరమున, బరువైన సామానులను గోడకు బిగించుకొనుడని దేశమంతట ప్రచారము సాగించిరి.

మన మేమి చేయవలయును? స్పీకరు వెనుకభాగమున గట్టి పట్టీగాని ఇనుప కమ్మిగాని తగిలించి గోడలోని మర మేకునకు బిగింపవలయును. వడ్రంగికిది అరగంట పని. స్టాండుమీది స్పీకరును స్టాండునకును, స్టాండును గోడకును బిగింపవలయును. రెండు చేతులతో పైయంచు పట్టి ముందుకు లాగి చూడుడు. మీరు లాగినను కదలనిదే బిడ్డ లాగిన కదలదు. అద్దెయింట మేకులు కొట్టనీయనిచో, బిడ్డకు మూడు నాలుగేండ్లు వచ్చువఱకు ఆ స్పీకర్లను తాళమువేయు గదిలో నుంచి, ఎత్తైన అలమారలో పట్టు చిన్నవానితో సరిపెట్టుకొనుట ఉత్తమము.

మఱి రెండు మాటలు. పెట్టెలు పెట్టిన బల్లమీద అంచులు వ్రేలాడు గుడ్డ పఱవకుడు. బిడ్డ గుడ్డను లాగిన పెట్టె తానే వచ్చును. స్పీకరుమీదను టీవీమీదను బొమ్మలను, బిస్కత్తు డబ్బాను, రిమోటును ఉంపకుడు. కోరిన వస్తువు పైనున్న యెడల బిడ్డ నిచ్చెన లేకయే ఎక్కును.

వైర్లు, ప్లగ్గులు

మన యిండ్లలో విద్యుత్తు 230 వోల్టులు. ప్లగ్గు రంధ్రములు పెక్కిండ్లలో నేలకు జానెడు మూరెడు ఎత్తున నుండును. కొత్తగా ఇల్లు కట్టించువారు లోపల ఱెప్పలున్న సాకెట్లనే పెట్టించవలయును. వానిలో పుల్ల దూర్చినను లోపలికి పోదు. పాతవానికి ప్లాస్టికు మూతలు అంగడిలో దొఱకును. ఐతే ఆ మూత బిడ్డ చేతికి ఊడి వచ్చునదై యుండరాదు, గొంతులో పట్టునంత చిన్నదియు కారాదు.

మీ యింటి మీటరు దగ్గఱ 30 మిల్లీ ఆంపియర్లకు తెగు రక్షణ స్విచ్చి, అనగా ఆర్.సి.సి.బి. యున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనుడు. విద్యుత్తు మనిషి దేహముద్వారా నేలకు పోవుచున్నప్పుడు అది క్షణములో సరఫరాను ఆపివేయును. మామూలు ఫ్యూజు ఈ పని చేయదు. అది వైరును కాపాడునేగాని మనిషిని కాపాడదు. ఆ స్విచ్చిపై పరీక్షించు బొత్తా మొకటి యుండును. నెలకొకమారు దానిని నొక్కి, కరెంటు తెగునో లేదో చూచుకొనవలయును.

ఎక్స్‌టెన్షను పెట్టెలను నేలమీద వదలరాదు. బల్ల వెనుక గోడకు బిగించి, వైర్లను చుట్టగట్టి దాచవలయును. వ్రేలాడు వైరు బిడ్డ మెడకు చుట్టుకొనును, లాగినప్పుడు పెట్టెను క్రిందికి దింపును. హెడ్‌ఫోను తీగయు అంతే. ఫోను గాని, చిన్న స్పీకరుగాని ఛార్జి చేసిన పిదప తీగను ప్లగ్గుతోనే వదలివేయుట మనలో చాలమందికి అలవాటు. ఆ తీగ చివరను బిడ్డ నోట పెట్టుకొనును. ఛార్జి ముగిసినంతనే గోడ స్విచ్చి కట్టి, తీగను తీసి పైన పెట్టవలయును.

బిడ్డ విద్యుత్తు తగిలి అంటుకొనియున్న యెడల ఒట్టి చేతులతో లాగకుడు. మొదట మెయిను స్విచ్చి కట్టుడు; అది వీలుకానిచో పొడి కఱ్ఱతో వైరును తప్పింపుడు. వైరు కొఱికి పెదవి కాలిన యెడల గాయము చిన్నదిగా కనబడినను వైద్యునికి చూపవలయును. అట్టి గాయమునుండి వారము పదిదినముల తరువాత గూడ హఠాత్తుగా రక్తము కాఱవచ్చును.

అన్నిటిలో ఘోరమైనది

ఈ పుటలో మేము చెప్పు మాటలలో ఒక్కటే జ్ఞాపకముంచుకొన దలచినచో ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. స్పీకర్లతో వచ్చు సన్నని రిమోటులలో పెక్కింటియందు రూపాయి బిళ్ళవంటి బటను సెల్లు ఉండును. ఆటబొమ్మలలోను, పాట పాడు శుభాకాంక్షల కార్డులలోను గూడ ఇది యుండును. హెచ్చుగా వాడబడునది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టుల శక్తి కలది. పసిబిడ్డ గొంతు దిగువ అన్ననాళములో ఇది సరిగా ఇఱుకుకొనును.

ఇఱుకుకొనిన సెల్లు ఊరకుండదు. తడికండను ఇరుప్రక్కల తాకినందున దానినుండి విద్యుత్తు ప్రవహించి, అక్కడనే తీవ్రమైన క్షారము పుట్టును. రెండు గంటలలోనే అన్ననాళము కాలి పుండగును. పిమ్మట చిల్లి పడి ప్రాణముమీదికి వచ్చును. రిమోటు పనిచేయుట మానినదని మనము పాఱవేసిన పాత సెల్లులో గూడ బిడ్డను కాల్చుటకు చాలినంత శక్తి మిగిలియుండును. అమెరికాలో 2020వ సంవత్సరమున ఒక పదునెనిమిది నెలల పాప రిమోటులోని సెల్లును మ్రింగి మరణించెను. ఆ తల్లి చేసిన కృషి ఫలితముగా 2022వ సంవత్సరమున అచట, ఆ పాప పేరనే, రీసు చట్టము వచ్చినది. పనిముట్టు లేకగాని, రెండు చేతులతో ఒక్కమాఱు రెండు పనులు చేయకగాని సెల్లుగూటి మూత తెఱవరాకుండవలెనని దాని శాసనము.

కావున రిమోటు కొనునప్పుడే మూతకు చిన్న మర మేకు ఉన్నదో లేదో చూడుడు. లేనిచో మూతమీద గట్టి టేపు చుట్టి, రిమోటును బిడ్డకందని చోట నుంచుడు. కొత్త సెల్లులను మందుసీసాలతోబాటు పై అలమారలో పెట్టుడు. పాతవాని రెండు ముఖములకును టేపు అంటించి, వెంటనే ఇల్లు దాటింపుడు.

బిడ్డ సెల్లు మ్రింగినదని చూచినను, మ్రింగినదేమో యని అనుమానించినను, జాగు చేయరాదు. కొన్ని వేళల దగ్గు, చొంగ, అన్నము వలదనుట, వాంతి కనబడును. కొన్ని వేళల మొదట ఏ లక్షణమును కనబడదు. ఎక్స్‌రే యున్న పెద్ద ఆస్పత్రికి తక్షణమే పోవలయును. బండి లేనిచో 108కి ఫోను చేయవలయును. 2005వ సంవత్సరమున మన రాష్ట్రమున మొదలైన ఈ సేవ నేటికిని తెలుగువారి రెండు రాష్ట్రములలో నడచుచున్నది. బిడ్డచేత వాంతి చేయింపరాదు. అన్నపానీయము లీయరాదు. దీనికొక్క మినహాయింపు కలదు: ఏడాది నిండిన బిడ్డ మ్రింగి పండ్రెండు గంటలు దాటనిచో, మ్రింగగలుగుచున్నచో, ఆస్పత్రికి పోవుచునే పది నిమిషముల కొకమారు రెండు చిన్న చెంచాల చొప్పున, ఆరు మారులకు మించకుండ, తేనె నాకింపవచ్చును. తేనె మందు కాదు. కాలుటను కొంత మందగింపజేయును, అంతే. తేనె వెదకుటకై ప్రయాణము నాపరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె యెంతమాత్రమును కూడదు. ముక్కులోగాని చెవిలోగాని సెల్లు దూరినను ఇదే తొందర అవసరము.

సెల్లు లొక్కటే కాదు. చెవిలో పెట్టుకొను ఫోనుల రబ్బరు మొనలు, ఊడిపోయిన మర టోపీ, స్పీకరు క్రింది ఇనుప మొనలు, ఇవన్నియు గొంతున పడునవే. ఒకటింపావు అంగుళము వెడల్పు గొట్టములో పూర్తిగా దూరు వస్తువేదియు మూడేండ్లలోపు బిడ్డ చేతికి అందరాదని అట్టవస్తువులను పరీక్షించువారి లెక్క. కొన్ని స్పీకర్ల ముఖపుతడికలు చిన్న అయస్కాంతములతో నిలిచియుండును. అవి ఊడినచో వెంటనే తీసి దాచవలయును. బిడ్డ రెండింటిని మ్రింగిన, అవి ప్రేగుల గోడలను నడుమ నుంచి ఒకదాని నొకటి పట్టుకొని చిల్లి పెట్టును.

చెవులును పోవును

కాలిన చేతిని చూపి బిడ్డ యేడ్చును. పోయిన వినికిడిని చూపి యేడ్వలేదు. లోచెవిలోని సన్నని రోమకణములు ఒకసారి చచ్చిన మఱల మొలవవు. 2019వ సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థయు అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును కలిసి, పిల్లలు వారమునకు 40 గంటలు వినదగిన మట్టము 75 డెసిబెల్లులని నిర్ణయించినవి, పెద్దలకు 80. మఱి మూడు డెసిబెల్లులు పెరిగినచో వినదగిన కాలము సగమగును. 78 అయినచో 20 గంటలు, 81 అయినచో 10 గంటలు.

కొలిచే యంత్రము లేనివారికి ఒక గుర్తు: చేయి చాచినంత దూరములో నున్న మనిషితో గొంతు పెంచి మాటలాడవలసివచ్చినచో పాట హెచ్చుగా నున్నదని తెలిసికొనుడు. బిడ్డను స్పీకరున కానుకొని కూర్చుండనీయరాదు. పెండ్లి ఊరేగింపులో గుండె లదరునట్లు మ్రోగు స్పీకర్ల బండి ప్రక్కను చంటిబిడ్డ నెత్తుకొని నడచుట మనము నిత్యము చూచుచున్నాము. ఇది వేడుక కాదు, బిడ్డకు చేయు హింస.

ఇంటనుండు పెట్టెలో శబ్దమునకు పైహద్దు పెట్టు వీలు చాలవానిలో కలదు, పెట్టించుకొనుడు. లేనిచో, పెట్టె వేయుటకు ముందు ప్రతిసారి శబ్దపు మరను తగ్గించి చూచుకొను అలవాటు చేసికొనవలయును. బిడ్డ ఎప్పుడు దానిని చివరకు త్రిప్పియుంచినదో మనకు తెలియదు. ఒక్కమాఱుగా వచ్చిన ఆ గర్జన బిడ్డ చెవిని, స్పీకరును రెంటిని చెఱుచును.

పెట్టె ఆరోగ్యము

ఇక పెట్టె సంగతి. స్పీకరు లోపల అయస్కాంతము నడుమ రాగితీగ చుట్ట యొకటి కదలుచు, దాని కంటించిన కాగితపు గరాటను ఊపును. ఆ గరాట కదలికయే పాట. 1925వ సంవత్సరమున అమెరికాలో రైసు, కెల్లాగు అను నిద్దఱు ఈ పద్ధతిని లోకమునకు తెలియజేసిరి. నేటికిని పద్ధతి అదియే. కాగితమువలె పలుచని వస్తువు గనుకనే చిన్న వ్రేలు తగిలిన లోపలికి పోవును. అందమునకై ముఖపుతడికను తీసివేయుట కొందఱు పురుషులకు సరదా. ఇంట పసిబిడ్డ యున్నన్నినాళ్ళు ఆ సరదా మానుకొని తడికను తగిలించియే యుంచవలయును. గుడ్డ తడికకన్న చిల్లుల ఇనుపరేకు తడిక మేలు.

నడిమి బుడిపె లోపలికి పోయిన యెడల ఏమి చేయవలయునని మా సోదరి అడిగినది. అది గుడ్డదో కాగితముదో అయినచో మెత్తని అతుకుగల టేపును పైన మెల్లగా అంటించి, నిదానముగా వెలుపలికి లాగి చూడవచ్చును. సన్నని ధ్వనులను పలికించు చిన్న లోహపు బుడిపెను మాత్రము ముట్టక, పని తెలిసిన మెకానికునకు చూపవలయును. పెద్ద స్పీకరులో ఆ సొట్ట చూపునకే గాని, చాల వేళల పాటకు లోపము చేయదు. బిడ్డ వీపున పడిన దెబ్బకు అదియైనను తగిన కారణము కాదని ఆ తండ్రికి చెప్పుడు.

పెట్టెమీద పాలో కాఫీయో ఒలికిన యెడల, పెట్టెను తాకక మున్ను గోడ స్విచ్చి కట్టి ప్లగ్గు తీయుడు. పైన తుడువుడు. ఆరినదిగదా యని మఱల వేయకుడు. పాలలోని చక్కెర లోపల అంటుకొనియే యుండును. మెకానికు శుభ్రము చేసిన పిదపనే వేయవలయును. ప్లగ్గు తీసినను ఆంప్లిఫయరు లోపలి భాగములలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును గనుక మూత విప్పు సాహసము మనకు వలదు.

ఆంప్లిఫయరు వేడెక్కునది. బిడ్డకందకుండ దానిని అద్దపు అలమారలో పెట్టి తలుపు బిగించుట మంచిదే. కాని గాలి యాడనిచో అది చెడును. పైన నాలుగంగుళములైన ఖాళీ విడిచి, అలమార వెనుక రేకును తీసివేయవలయును. తలుపునకు పిల్లలు తీయలేని కొక్కెము పెట్టవలయును.

వెచ్చదనమునకు బొద్దింకలు పెట్టెలలో చేరును. వానిని తోలుటకు కలరా ఉండలను స్పీకరు వెనుక వేయువారు కలరు. ఇది మిక్కిలి తప్పు. తెల్లని ఆ యుండ బిడ్డకు మిఠాయివలె కనబడును. అందలి నాఫ్తలీను రక్తమును చెఱచును. పుట్టుకతో జి6పిడి అను పదార్థము లోపించిన బిడ్డకు ప్రాణాపాయము. దానికి బదులు, పెట్టెల వెనుక తినుబండారము పడకుండ దినదినము తుడిచినచో బొద్దింకలు తామే రావు. తేమను పీల్చు గుళికల పొట్లములను గూడ బిడ్డకందనీయకుడు. ఉఱుములు మెఱుపులు మొదలైనప్పుడు స్విచ్చి కట్టిన చాలదు, ప్లగ్గును ఊడదీయవలయును.

పోయిన మఱల రానిది

స్పీకరు పోయిన మఱియొకటి కొనవచ్చును. కొనరానిది యొకటి కొన్ని యిండ్లలో నున్నది. అది అమ్మమ్మ పాడిన మంగళహారతియో, తాతగారి మాటలో నిలిచియున్న పాత క్యాసెట్టు. అట్టి క్యాసెట్టును టేపురికార్డరులో వదలినప్పుడు బిడ్డ రెండు మీటలు నొక్కిన చాలును, ఆ గొంతుమీద మఱియొక చప్పుడు ఎక్కి, అది శాశ్వతముగా పోవును. దీనికి చిన్న ఉపాయము కలదు. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టికు ఱెప్పలుండును. వానిని విఱిచివేసినచో ఆ క్యాసెట్టుపై మఱల రికార్డు కాదు. మఱియు క్యాసెట్టులను స్పీకరుమీద పెట్టరాదు. లోని అయస్కాంతము టేపును చెఱుపవచ్చును. తెలిసినవారిచేత ఆ గొంతును ఫోనులోనికి, కంప్యూటరులోనికి ఎక్కించి, ఇద్దఱు ముగ్గురు బంధువుల దగ్గఱ ప్రతులుంచుట అన్నిటికన్న మంచి కాపుదల. ఈ పని వచ్చు పండుగకు పుట్టింటికి పోయినప్పుడే చేయుడు.

గ్రామఫోను పలకలను నిలువుగా నుంచవలయును. ఒకదానిపై నొకటి పేర్చిన వంగును, ఎండ తగిలిన వంకరపోవును. సీడీని నడుమనుండి అంచువైపునకు తుడువవలయునేగాని చుట్టును త్రిప్పి తుడువరాదు. దాని పేరు వ్రాసిన ముఖమే సున్నితమైనదని ఎఱుగుడు; అటు గీత పడిన బాగుపడదు.

ఎవరి పని?

"బిడ్డ తల్లిది, పెట్టె తండ్రిది" అను విభాగము కొన్ని యిండ్లలో చెప్పకయే జరిగిపోయినది. బిడ్డ పెట్టెను ముట్టినప్పుడు తప్పు తల్లిమీద పడుట దీనివలననే. ఈ విభాగమును మేము ఒప్పము. ఒక తల్లి వంట చేయుచు, నీళ్ళు పట్టుచు, బట్టలుతుకుచు, దినమంతయు కన్నార్పక ఒక గుండ్రని బుడిపెను కాపలా కాయలేదు. ఎవరును కాయలేరు. పెట్టెను కొని తెచ్చినవారే దానిని గోడకు బిగించి, వైర్లు దాచి, రిమోటుకు టేపు చుట్టి, అలమారకు కొక్కెము పెట్టి యీయవలయును. కొనుటకు డబ్బు కూడబెట్టునప్పుడే బిగించుటకు అగు ఖర్చును గూడ కూడబెట్టవలయును. సోదరీమణులు ఈ మాటను తగవుగా గాక, పెట్టె కొనుటకు ముందే నెమ్మదిగా ప్రస్తావించుట మంచిది. అత్తగారికిని మనుమడే కదా! ఆమెయే ముందుగా ఈ మాట అడిగిన యెడల కొడుకు మఱింత శ్రద్ధతో వినును.

బిడ్డకు పాటను దూరము చేయుడని మేము చెప్పుటలేదు. దినమున కొక వేళ, తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని, బిడ్డ చేతనే ఒక మీట నొక్కించి, తక్కువ శబ్దముతో ఒక పాట వినిపింపవలయును. తానే వేసిన పాట యని బిడ్డ మురియును. ముట్టుటకు ఒక వేళయు, ఒక మనిషియు ఉన్నారని తెలిసిన బిడ్డ తక్కిన వేళల కొంత శాంతించును. తక్కిన వేళలకు రెండు గిన్నెలు, ఒక చెక్కగరిట చాలును. ఆ వాద్యమునకు ప్లగ్గు అక్కఱలేదు.

ఈ సాయంకాలము ఒక పని చేయుడు. మీ హాలులో మోకాళ్ళమీద కూర్చుండి, బిడ్డ యెత్తునుండి చుట్టును చూడుడు. ఏ వైరు చేతికందుచున్నది, ఏది పైకి లాగరమ్మనుచున్నది, ఏ చిన్నవస్తువు బల్లక్రింద మెఱయుచున్నది యని లెక్క వ్రాసికొనుడు. ఆ చీటిని యింటి యజమాని చేతికిండు. మీరు చేసికొన్న యేర్పాటులను మాకు వ్రాసినచో తక్కిన సోదరీమణుల కుపయోగముగా ప్రకటింతుము. వచ్చు నెలలో వంటయింటి గట్టును, గ్యాసుపొయ్యిని, పసిబిడ్డలను గూర్చి ముచ్చటింతము.